సర్దుకుపోవడం వేరు, కలిసి మెలగడం వేరు

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం 'మానవ సంబంధాలు - రోజువారీ నైపుణ్యాలు'. బోర్డు మీద ఈ పేరు రాయగానే మీలో కొందరి ముఖాలు ఎలా మారాయో చూశాను. నిన్నంతా చట్టాల గురించి, ఎఫ్.ఐ.ఆర్. గురించి, వైద్య పరీక్షల గురించి మాట్లాడుకున్నారు. ఇవాళ వచ్చి 'నలుగురితో ఎలా మాట్లాడాలి' అంటే చిన్నపిల్లల తరగతిలా అనిపించడం సహజమే. దానికంటే పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. ఆడపిల్లకి పుట్టినప్పటినుంచీ నేర్పేది ఇదే కదా! గట్టిగా నవ్వకు, ఎదురు చెప్పకు, పెద్దవాళ్ళ మనసెరిగి మసులుకో, మొగుడు కోపంగా ఉన్నప్పుడు మాట్లాడకు. ఇన్నేళ్ళుగా ఇళ్ళల్లో జరుగుతున్న ఈ శిక్షణకి మళ్ళీ సంఘంలో ఒక పూట కేటాయించాలా?

ఆ అనుమానం న్యాయమైనదే. దాన్ని పక్కన పెట్టి నేను ముందుకు పోలేను.

మనుషులతో మంచిగా ఎలా మెలగాలో చెప్పే పుస్తకాలు మన రైల్వే స్టేషన్ల నిండా ఉన్నాయి. వీటికి మూలపురుషుడని చెప్పదగిన డేల్ కార్నెగీ 1912లో న్యూయార్కులో సాయంత్రం తరగతులు మొదలుపెట్టాడు. ఆ తరగతులకు వచ్చింది ఎక్కువగా వ్యాపారాల్లో, ఉద్యోగాల్లో పైకి రావాలనుకునేవాళ్ళు. ఆ అనుభవంలోంచే 1936లో అతని పుస్తకం వచ్చింది. నవ్వుతూ ఉండు, ఎదుటివాడి పేరు గుర్తుపెట్టుకో, విమర్శించకు, వాదనకు దిగకు - సారాంశం ఇదే. సరుకు అమ్మేవాడికి ఇది పనికొచ్చే సలహానే. వాడు సాయంత్రం ఆరింటికి దుకాణం కట్టేసి ఆ నవ్వు కూడా తీసి పక్కన పెట్టుకోవచ్చు. మన కోడలికి ఆరు గంటలనేది లేదు. ఎవరికి కాఫీలో చక్కెర తక్కువుండాలో, ఎవరి దగ్గర ఏ మాట ఎత్తకూడదో, మామగారి దగ్గు ఎలా ఉంటే కోపమొచ్చినట్టో ఆమెకు ఎవరూ పుస్తకం రాసివ్వలేదు. అయినా అన్నీ తెలుసు. తెలియకపోతే ఆ ఇంట్లో బతకలేదు కాబట్టి తెలుసు. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద అధ్యయనం చేసి, 1983లో ఒక పుస్తకం రాసింది. నవ్వడం, ఓపిక పట్టడం, ఎదుటివాడి కోపాన్ని మింగడం కూడా చాకిరీయేనని, దాన్నీ జీతంలో కొనుక్కుంటున్నారని ఆమె చూపించింది. ఇంట్లో ఆ జీతం కూడా లేదు.

కాబట్టి ఏ 'నైపుణ్యం' గురించి ఎవరు చెప్పినా - నేను చెప్పినా సరే - మీరు ఒక ప్రశ్న వేయండి. దీన్ని రెండు వైపులవాళ్ళూ నేర్చుకోవాలా, ఒక వైపేనా? ఒక వైపే అయితే దానికి మన భాషలో పాత పేరుంది: సర్దుకుపోవడం. ఇద్దరూ అయితే అప్పుడు మాట్లాడుకుందాం.

మొదట పిలుపు సంగతి చూద్దాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మన దగ్గరికొచ్చిన మనిషికి మొదటి అరనిమిషంలో తగిలేది ఇదే.

మన వ్యాకరణం చూడండి. 'అతను వచ్చాడు' అంటాం. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది' అంటాం. మగవాడికి ప్రత్యేకమైన క్రియ ఉంది. ఆడమనిషికి, ఆవుకి, బస్సుకి కలిపి ఒకటే. అదే నలుగురు ఆడవాళ్ళు కలిసి వస్తే 'వచ్చారు' అంటాం. నాలుగు ఆవులొస్తే మాత్రం 'వచ్చాయి'. ఒంటరిగా ఉన్నప్పుడు వస్తువుల్లో లెక్క, నలుగురైతే మనుషుల్లో లెక్క! సంఘం ఎందుకు పెట్టుకోవాలో మన వ్యాకరణమే చెప్పిందని నేను సరదాకి అంటూంటాను. సరదా పక్కన పెడితే, 'వచ్చారు' అనే మర్యాద ఒక్క మనిషికి కూడా ఇవ్వొచ్చు. రోజూ ఇస్తూనే ఉన్నాం - పంతులమ్మకి, డాక్టరమ్మకి, అధికారి భార్యకి. కూలికి పోయే ఆమె సంఘం ఆఫీసు గుమ్మంలోకి వస్తే 'ఎవరో వచ్చింది చూడు' అంటాం.

'నువ్వు' అన్న ప్రతిసారీ అవమానమేనని నేననడం లేదు. తెలంగాణ పల్లెల్లో, ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళని కూడా ప్రేమగా 'నువ్వు' అనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అమ్మను 'మీరు' అనేవాళ్ళెంతమంది? చూడాల్సింది ఆ మాట రెండు వైపులా నడుస్తుందా అని. అరవై ఏళ్ళ దళిత స్త్రీని పెద్దకులం పిల్లవాడు 'ఏమే' అని పిలవడం, ఆమె ఆ పిల్లవాణ్ణి 'అయ్యా', 'దొరా' అనడం మన ఊళ్ళల్లో విన్నదే. తెలంగాణ గడీల ముందు 'నీ బాంచన్ కాల్మొక్తా' అనే మాటకూ వెట్టిచాకిరీకీ మధ్య ఎడం లేదు. మాటతో మనిషిని కింద కూర్చోబెట్టాకే వీపు మీద మూట పెట్టగలిగారు.

మరి మన ఆఫీసుల్లో? అందరం 'అక్కా' అని పిలుచుకుంటాం, బాగుంది. కానీ పట్నం నుంచి వచ్చిన ఆమె 'మేడమ్', ఫీల్డులో తిరిగే ఆమె 'అక్క', ఊడ్చే ఆమె 'ఏమ్మా'. కుర్చీలు మూడే ఉంటే ఎవరు కూర్చుంటున్నారు, చాప మీద ఎవరు? టీ తాగాక గ్లాసులు రోజూ ఎవరు కడుగుతున్నారు? టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్నో పోరాటాలు చేసిన ప్రాంతం మనది. ఆఫీసు కుళాయి దగ్గర ఎవరుంటారన్న సంగతి కూడా చూసుకోవాలి. కుర్చీలు చాలకపోతే అందరం చాప మీద కూర్చుంటే సరిపోతుంది, దానికి నిధులక్కర్లేదు. ఇంకొకటి. సమావేశంలో పేర్లు రాసేటప్పుడు 'ఫలానావాడి భార్య' అని రాయకండి. పేరు అడగండి. తన పేరు చెప్పడానికి ఒక్క క్షణం తడుముకునే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా ఆ పేరుతో ఎవరూ పిలవకపోతే అలాగే ఉంటుంది.

ఇక వినడం గురించి. నా ఉద్దేశంలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, మనలాంటి వాళ్ళకు మరీ కష్టం. మనం మాట్లాడటం నేర్చుకోవడానికే ఎంతో పోరాడాం. ఇప్పుడు ఊరుకోవడం నేర్చుకోమంటే ఎక్కదు.

బాధలో ఉన్న మనిషి తన బాధను వరసలో చెప్పదు. రేషన్ కార్డు గురించి అడగడానికి వచ్చానంటుంది. తరవాత తలనొప్పి సంగతి, నిద్ర పట్టని సంగతి చెబుతుంది. పిల్లవాడి బడి గురించి కాసేపు మాట్లాడుతుంది. 'వెళ్ళొస్తానమ్మా' అని లేస్తుంది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుంటూ, తల వంచుకునే ఉండి ఒక మాట అంటుంది. ఆమె వచ్చింది ఆ మాట కోసం. అంతకుముందు మాట్లాడిన అరగంటా మనల్ని పరీక్ష చేయడమే - వీళ్ళు వింటారా, నవ్వుతారా, సగంలో అడ్డుపడతారా, సాయంత్రానికి వీధంతా చెబుతారా అని. రేషన్ కార్డు మాట ఎత్తగానే 'దానికి మండల ఆఫీసుకు పోవాలి, ఇక్కడ కాదు' అని పంపించేస్తే ఆమె చెప్పులేసుకునే దాకా మనం ఉండం. మొదటిసారి వచ్చిన మనిషి రెండోసారి వస్తుందా రాదా అనేది మనకెన్ని సెక్షన్లు తెలుసన్న దాని మీద ఆధారపడదు. రెండోసారి రాకపోతే ఏమవుతుందో ఈ గదిలో చాలామందికి తెలుసు.

ఆమె ఆ మాట అన్నాక మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? 'నువ్వేమన్నావు?' అని, లేదా 'ఎందుకు కొట్టాడు?' అని. ఈ రెండూ అడగకండి. అడిగేవాళ్ళకి వివరం కోసమే అనిపిస్తుంది, కానీ వినే ఆమెకి అత్తగారి గొంతే వినిపిస్తుంది. 'ఎప్పటినుంచి?' అనడగండి. 'పిల్లలిప్పుడు ఎక్కడున్నారు?' అనడగండి. 'ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటావు?' అనడగండి. ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. అందులో సానుభూతి మాటలేమీ లేవు. ఆమె చెప్పింది నమ్మామని మాత్రం అందులో ఉంది.

ఆ తరవాత మన నోట ఊరేది సలహా. 'కేసు పెట్టు', 'బయటికొచ్చెయ్యి'. సలహా సరైనదే అయ్యుండొచ్చు. కానీ ఇంట్లో ఒకరు ఆజ్ఞాపిస్తుంటే, ఇక్కడికొస్తే మనం ఆజ్ఞాపిస్తున్నాం. ఉన్న దారులు చెప్పండి, ఒక్కో దారిలో ఏముందో దాచకుండా చెప్పండి, ఎంచుకోవడానికి టైమివ్వండి. 'నాకూ ఇలాగే జరిగింది' అని మన కథ మొదలుపెట్టడం కూడా ఆపాలి. ఓదార్పు కోసమే చెప్తాం, కానీ ఐదు నిమిషాల తరవాత చూస్తే ఆమె మనల్ని ఓదారుస్తూ ఉంటుంది!

వినడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి మన దగ్గరే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, టేపు రికార్డర్లు పెట్టుకుని కూర్చుని విన్నారు. అవే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వచ్చాయి. పార్టీ చరిత్రల్లో కనిపించని సంగతులు - పిల్లల్ని వదిలి వెళ్ళాల్సి రావడం, దళాల్లో ఆడవాళ్ళకి ఎదురైన ఇబ్బందులు, పోరాటం ఆగాక మళ్ళీ ఇళ్ళల్లోకి పొమ్మనడం - అలా కూర్చుని వింటే బయటికొచ్చాయి.

ఇప్పుడు రాజీల సంగతి. ఇక్కడే 'మంచి సంబంధాలు' అన్న మాట మనకి ఉచ్చు అవుతుంది.

ఊళ్ళో పంచాయితీ పెద్దలు ఏమంటారు? 'ఇద్దరిదీ తప్పుంది, నువ్వూ కాస్త నోరు తగ్గించుకో.' పోలీస్ స్టేషన్లో కూడా కౌన్సెలింగ్ పేరుతో తరచుగా ఇదే మాట. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం కోర్టు కూడా ముందు రాజీకి ప్రయత్నించాలి. మాట్లాడుకుని పరిష్కరించుకోవడాన్ని నేను తక్కువ చేయను. కానీ దెబ్బ తగులుతూ ఉండగా సంభాషణా నైపుణ్యం ఏమిటి? ఇద్దరిలో ఒకరి చేతిలో కర్ర ఉన్నప్పుడు 'ఇద్దరూ ప్రశాంతంగా మాట్లాడుకోండి' అనడం కర్ర ఉన్నవాడి పక్షం చేరడమే.

ఈ విషయంలో గృహహింస చట్టం స్పష్టంగా ఉంది. 2005లో చేసిన ఆ చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన 2006 నిబంధనల్లో 14వది కౌన్సెలర్లు ఎలా నడుచుకోవాలో చెబుతుంది. మనలో చాలామంది చట్టం చదివాం కానీ ఈ నిబంధన చదవలేదు. కౌన్సెలింగ్‌లో అతను తన హింసను సమర్థించుకోవడానికి వీల్లేదు. 'ఆమె ఇలా అంది కాబట్టి కొట్టాను' అనే వాదనకు అక్కడ చోటు లేదు. ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలి. హింస మానుకుంటానని అతను హామీ ఇవ్వాలి. ఆమె కోరుకుంటేనే రాజీ ప్రయత్నం. ఆ వరస గుర్తుపెట్టుకోండి. ముందు దెబ్బ ఆగాలి, తరవాత ఆమె ఇష్టం అడగాలి, ఆ పైన మాటలు. మన పంచాయితీలు దీన్ని తలకిందులు చేస్తాయి. వాళ్ళతో వాదించేటప్పుడు ఈ నిబంధన కాగితం చేతిలో ఉంచుకోండి. క్రూరత్వానికి సంబంధించిన పాత 498-ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయిందని నిన్న చెప్పుకున్నాం, దాని జోలికి మళ్ళీ పోను.

క్షమాపణ గురించి కూడా ఒక మాట. తెలుగిళ్ళల్లో 'క్షమించు' అనే మాట సినిమాల్లో తప్ప వినపడదు. పొద్దున్న గొడవ పడితే సాయంత్రం 'అన్నం తిన్నావా?' అనడమే మన క్షమాపణ. ఇందులో అందం ఉంది, కాదనను. చిన్న తగాదాలకు అది చాలు. కానీ కొట్టిన మర్నాడు చీర తేవడం, మల్లెపూలు తేవడం వేరు. వచ్చే నెల మళ్ళీ కొడితే ఆ పూలు క్షమాపణ కాదు. ఏం చేశాడో పేరు పెట్టి చెప్పాడా, మళ్ళీ చేశాడా లేదా - ఈ రెండే చూడాలి.

ఇంతవరకూ ఇంటి గురించి మాట్లాడాను. ఇప్పుడు సంఘం లోపలికి వద్దాం. ఇక్కడ అందరం ఆడవాళ్ళమే కాబట్టి అంతా బాగుంటుందనే భ్రమ మనకొద్దు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు దగ్గర కూర్చుని పాఠంతో పాటు తమ బతుకుల గురించి కూడా మాట్లాడుకున్నారు. ఎవరింట్లో కూలి డబ్బులు సారా దుకాణానికి పోతున్నాయో చెప్పుకున్నారు. విడివిడిగా ఉన్నప్పుడు సిగ్గుగా ఉన్న సంగతి కలిసి చెప్పుకుంటే కోపంగా మారింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ వెనకే రోజుకో రూపాయి పొదుపు సంఘాలు వచ్చాయి. అవి నిలబడింది ఒకరి మీద ఒకరికున్న నమ్మకం మీద.

తరవాత ఏం జరిగిందో చూడండి. సూక్ష్మరుణ కంపెనీలు ఆ నమ్మకాన్నే హామీగా రాయించుకున్నాయి. భూమి లేదు, బంగారం లేదు, కానీ పక్కింటి అక్క ఉంది కదా! ఒకామె వాయిదా కట్టకపోతే మిగతావాళ్ళంతా ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. నిన్నటిదాకా ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్న వాళ్ళు వసూలుదార్లయ్యారు. గిన్నెలు బయట పెట్టించారు, పిల్లల ముందు తిట్టారు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. ఆ కంపెనీల మీద మనం సభలు పెట్టాం. కానీ గుమ్మం ముందు కూర్చున్నది మన ఊరి ఆడవాళ్ళే. చాలామంది ఇష్టం లేకుండానే కూర్చున్నారు. 'నేను రాను' అనే మాట వాళ్ళ నోట రాలేదు.

అందుకే 'కాదు' అనడం నేర్చుకోవాలంటాను. మనం 'కాదు' అనం. 'చూద్దాంలే', 'అలాగేనమ్మా' అంటాం, తరవాత తప్పించుకు తిరుగుతాం. ఎదుటామె మన మాట నమ్మి ఎదురుచూస్తుంది. 'ఈ ఆదివారం నేను రాలేను, వచ్చే బుధవారం వస్తాను' అంటే ఒక్క నిమిషం మొహమాటం, అంతే. వాయిదా కట్టలేని ఆమె ఇంటికి పదిమంది పోవద్దు, ఆమెకి దగ్గరగా ఉండే ఒక్కరు పోవాలి. గుమ్మంలో నిలబడి అడగొద్దు. 'డబ్బులెప్పుడిస్తావు' అనే ముందు 'ఈ నెల ఏమైంది' అనడగాలి. జబ్బు కావచ్చు, పని దొరక్కపోవచ్చు, డబ్బు మొగుడు లాక్కుపోయి ఉండొచ్చు. కట్టలేని నెల వస్తే ఏం చేయాలో అప్పు ఇచ్చేనాడే సంఘంలో తీర్మానం రాసుకుంటే సగం తగాదాలు పుట్టవు.

ఇంక మన కోపాల సంగతి. తెలుగులో కోపాన్ని సూటిగా చెప్పకుండా చెప్పే మాటలెన్నో లెక్కపెట్టండి. దెప్పడం, ఎత్తిపొడవడం, సాధించడం, సణగడం, అలగడం, మూతి ముడుచుకోవడం, పుల్లవిరుపు మాటలు. ఇవన్నీ ఆడవాళ్ళ గుణాలని ఎగతాళి చేస్తారు. నేనలా అనుకోను. సూటిగా చెప్పే హక్కు లేనివాళ్ళు తయారు చేసుకున్న ఆయుధాలివి. అత్తగారితో 'ఇది నాకు నచ్చలేదు' అనలేని కోడలు గిన్నె గట్టిగా పెడుతుంది. సంఘంలో ఆ అవసరం లేదు. ఇక్కడ సూటిగా చెప్పొచ్చు. అయినా అలవాటు కొద్దీ గిన్నెలే చప్పుడు చేస్తున్నాం. 'నువ్వెప్పుడూ ఇంతే' అంటే ఎదుటామె ఏం చేయగలదు? పదేళ్ళ చరిత్రకి జవాబు చెప్పాలి. 'మొన్న మంగళవారం ఆసుపత్రిలో రాత్రంతా నేనొక్కదాన్నే ఉన్నాను, వస్తానని నువ్వు రాలేదు' అంటే అది జవాబు చెప్పగలిగే మాట. ఆమెకి కారణం ఉంటే చెబుతుంది, లేకపోతే తల వంచుకుంటుంది. కులం గురించి ఎవరైనా మాటెత్తినప్పుడు మాత్రం 'సంఘంలో అలాంటివి లేవు' అని నోరు మూయించకండి. ఉన్నాయో లేదో పడ్డవాళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు ఫోన్లలో వాట్సాప్ గ్రూపులొచ్చాయి. ఒకామె రాత్రి పదకొండింటికి ఏడుస్తూ పంపిన సందేశం పొద్దున్నకి నలభై మంది చూస్తున్నారు. 'సలహా కోసం పెట్టాను' అంటారు. ఆమె అనుమతి లేకుండా పేరు, ఫొటో, గొంతు ఏవీ ముందుకు పంపొద్దు. సమావేశాల్లో ఉదాహరణగా చెప్పేటప్పుడు కూడా ఊరి పేరు తీసేస్తే చాలదు. 'ముగ్గురు ఆడపిల్లలున్న ఆ టైలరమ్మ' అంటే ఎవరికి తెలియదు?

మగపిల్లలకి ఇవన్నీ ఎవరు నేర్పుతారని మీరు అడగబోతున్నారు. మధ్యాహ్నం బడిపిల్లలతో పనిచేసే వాళ్ళ సెషన్ దాని గురించే, వాళ్ళకే వదిలేస్తాను.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. స్నేహితులు స్నేహితుల పక్కన కాదు, తెలియనివాళ్ళ పక్కన. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి - ఈ వారంలో మీకు కోపం తెప్పించిన ఒక సంగతి. రెండోవాళ్ళు సలహా ఇవ్వకూడదు, తమ కథ చెప్పకూడదు, 'ఎందుకు' అనే మాట వాడకూడదు. విన్నది తిరిగి రెండు మాటల్లో చెప్పాలి, సరిగా విన్నారో లేదో చెప్పినామె తేల్చాలి. తరవాత తారుమారు. మూడో నిమిషానికే ఎంతమంది నోళ్ళు ఊరుకోలేక దురద పెడతాయో చూద్దాం. టీ వచ్చింది, గ్లాసులు కడిగే వంతు ఇవాళ ముందు వరసది.